తేనెకు దీర్ఘం

పాము అన్న మాట చెవిన పడితే రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదిలే మనిషిని నేను. మా కోనసీమలో వానాకాలం కొబ్బరితోటలోకి వెళ్ళాల్సి వస్తే ముందు మా తమ్ముణ్ణి నడవనిచ్చి, వాడు క్షేమంగా అవతలికి చేరాడని తేలాకే అడుగు వేసేవాణ్ణి. అలాంటి నేను కువైట్‌లో, నా ఫోనుతో, నా నోటితోనే బేరమాడి, "కాస్త త్వరగా పంపండి సార్" అని బతిమాలి మరీ ఒక కొండచిలువ పిల్లను తెప్పించాను. తెప్పించి ఊరుకున్నానా? దాని పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టి, దగ్గుతో బాధపడుతున్న ఒక పెద్దావిడకు మందుగా సమర్పించాను. దీనంతటికీ కారణం ఒక్క దీర్ఘం. నవ్వేవాళ్ళు ఇక్కణ్ణుంచే నవ్వడం మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను.

అప్పట్లో నేను జహ్రాలో ఒక కువైటీ ఇంటికి డ్రైవర్ని. నా కఫీల్, అంటే నా ఇఖామా కాగితాలకు, అదే నివాస అనుమతికి, పూచీ ఉన్న యజమాని, నన్ను "బాబూ" అని పిలిచేవారు. నా పేరు సూరిబాబు కదా, అందుకని. నేను ఆయన్ని "బాబా" అని పిలిచేవాణ్ణి. మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటుంటే వినేవాళ్ళకు ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నట్టే ఉండేది. ఆయన భార్యను "మామా" అనాలి. మొదట్లో ఆ మాట అన్నప్పుడల్లా మా బుర్ర మీసాల మావయ్య కళ్ళ ముందు మెదిలి, నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడేవాణ్ణి. ఇక ఆ ఇంటికి అసలు యజమాని బాబాగారి తల్లి. ఎడారి గుడారాల్లో పుట్టి పెరిగిన మనిషి. అందరూ ఆవిణ్ణి "యుమ్మా" అనేవారు. మన అమ్మకు ముందు ఒక య తగిలించారంతే. బయట పెద్ద అధికారిగా చలామణీ అయ్యే బాబా, ఆవిడ చేతికర్ర చప్పుడు వినిపిస్తే గొంతు తగ్గించేవారు.

నాకు ఆ రోజుల్లో ఉన్న బెంగ ఒక్కటే. నేను కువైట్ వచ్చాక నా కూతురు పుట్టింది. బోర్లాపడటం, పాకడం, నడవడం అన్నీ అయిపోయాయి. నేను దాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. సెలవు అడిగినప్పుడల్లా బాబా "ఈద్ అయ్యాక చూద్దాం బాబూ" అనేవారు. ఆ ఈద్ అయ్యేది, వెనకాలే ఇంకో ఈద్ వచ్చేది.

"ఏవండీ, ఈసారైనా వత్తారా, రారా?" అంది మా ఆవిడ సత్యవతి ఒకరోజు ఫోన్లో.

"వత్తానన్నాను కదే."

"కిందటిసారీ అలాగే అన్నారు. పిల్ల నాన్నంటే ఈ ఫోనే అనుకుంటందండీ. పొద్దున్న దీన్ని చార్జింగు పెడితే, వేలెట్టి చూపించి 'నాన్న బువ్వ' అంటంది."

ఆ మాటకు ఇద్దరం పగలబడి నవ్వాం. ఫోను పెట్టేశాక బాబాగారి కారు తుడుస్తూ ఏడ్చాను. నా బిడ్డ దృష్టిలో నేను కరెంటు తినే మనిషినైపోయాను మరి.

ఇలా ఉండగా చలికాలం వచ్చి యుమ్మాకు దగ్గు పట్టుకుంది. ఆవిడకు డాక్టరు మందులంటే గిట్టదు, తేనె కావాలి. మామా కొట్టు కొట్టూ తిరిగి సీసాలకు సీసాలు తెచ్చింది. యుమ్మా ప్రతి సీసాలోనూ వేలు ముంచి, నాలుకకు రాసుకుని, "షకర్!" అని పక్కకు తోసేసేది. షకర్ అంటే చక్కెర. చివరికి మామా విసిగిపోయి నన్ను పిలిచింది.

"బాబూ, నువ్వు పదిమందితో మాట్లాడతావు. ఎక్కడైనా పొలంలో తయారైన తేనె పట్టుకురా. అది యుమ్మాకు నచ్చిందంటే నీ సెలవు సంగతి ఆవిడ చేతే బాబాకు చెప్పిస్తాను."

యుమ్మా చెబితే బాబా కాదనడం ఉండదు. అంటే నాకూ నా కూతురికీ మధ్య ఇప్పుడు సముద్రం లేదు, ఒక తేనె సీసా మాత్రమే ఉంది.

తేనెను అరబ్బీలో "అసల్" అంటారు. అచ్చం మన "అసలు" లాగే ఉందే, అసలైన అసల్ దొరకడం ఎంతలో పని అనుకున్నాను. అప్పట్లో నా అరబ్బీ మీద నాకు మహా నమ్మకం. శుక్రవారం ఫర్వానియాలో మావాళ్ళ గదికి వెళ్తే అరబ్బీలో ఎవరికే అనుమానం వచ్చినా నన్నే అడిగేవారు. తెలియని మాటకు కూడా అక్కడికక్కడే అర్థం తయారుచేసి ఇచ్చేవాణ్ణి. చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మామా కూతురు వాడి పడేసిన స్మార్ట్‌ఫోను ఒకటి నా దగ్గర ఉండేది. అద్దం నిండా పగుళ్ళు. అందులో జనం రకరకాల వస్తువులు అమ్ముకునే యాప్ ఉంది. రాయడం రానివాళ్ళు మైకు బొమ్మ నొక్కి, కావలసింది నోటితో చెబితే చాలు. నేను పద్ధతి తెలిసిన గోదారి మనిషిని. యంత్రమైనా సరే, అడిగేది అడిగినట్టు అడగాలి కదా. మనం ఏదైనా అడగాలంటే ఏం చేస్తాం? మాట చివర ఓ దీర్ఘం తీస్తాం. పాలా? పెరుగా? నేనూ అలాగే ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తియ్యగా "అసలా?" అన్నాను.

యంత్రం వెంటనే ఒక ప్రకటన చూపించింది. బొమ్మ పగుళ్ళ మధ్య చిక్కుకుపోయింది గానీ, గాజు డబ్బాలో గుండ్రంగా, బంగారు రంగులో, గోధుమ గళ్ళతో ఏదో కనిపించింది. "ఆహా, తేనెపట్టు!" అనుకున్నాను. మీరు నవ్వుతారు గానీ, బెంగతో ఉన్నవాడికి తనకు కావలసిందే కనబడుతుంది. కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను.

అవతల పలికింది ఒక సిరియా ఆయన. మేముండే జహ్రాకు ఎంతో దూరాన, సౌదీ సరిహద్దు దగ్గర వఫ్రా పొలాల్లో ఉంటాడట. మా సంభాషణ అరబ్బీలో జరిగింది. అంటే ఆయన అరబ్బీలో, నేను నా అరబ్బీలో.

"అసలా? ఫీ?" అన్నాను. ఉందా అని.

"ఫీ, ఫీ! అసలా ఉంది. చిన్నది కావాలా, పెద్దది కావాలా?"

"చిన్నది చాలండి. అసలా?" అన్నాను మళ్ళీ. ఈసారి నా ఉద్దేశం ఒరిజినలేనా అని.

"అవునయ్యా, అసలా! నా దగ్గర పుట్టిందే. తల్లీ తండ్రీ ఇద్దరూ నా దగ్గరే ఉన్నారు. బాగా తింటున్నారు."

ఈ కాలంలో తల్లిదండ్రులను దగ్గర పెట్టుకుని ఇంత బాగా చూసుకునేవాడు తేనెలో కల్తీ చేస్తాడా? నా నమ్మకం రెట్టింపైంది.

"రంగు?"

"బంగారం! ఎండలో చూస్తే కళ్ళు చెదురుతాయి."

"ఎంత కాలం ఉంటుందండి?"

"బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళుంటుంది. చల్లటి చోట మాత్రం పెట్టకు, చచ్చిపోతుంది."

తేనె ఏళ్ళ తరబడి పాడవదనీ, ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుందనీ నాకూ తెలుసు. 'చచ్చిపోతుంది' అన్నది సిరియా వాళ్ళ మాట తీరు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఆయన "మా బిఅడ్" అన్నాడు. 'మా' అంటే లేదు, కాదు అని తెలుసు. 'అడ్' సంగతేమిటి? యాడ్ చేయడమే! ఏమీ కలపలేదంటున్నాడు. ఇంగ్లీషు కూడా వచ్చినవాడన్నమాట.

"ఎలా ఇవ్వాలండి?"

"కుల్ ఉస్బూ ఫార్," అన్నాడు. కుల్ ఉస్బూ అంటే ప్రతి వారం. వేడిని 'హార్' అంటారు. ఈయన యాసలో అది 'ఫార్' అయింది. వారానికోసారి వేడి నీళ్ళలో కలిపి ఇవ్వాలి. వారానికి ఒక్కసారికే దగ్గు తగ్గుతుందంటే ఎంత చిక్కటి సరుకో చూడండి!

"ఇప్పుడే తీసుకో. ఉన్నకొద్దీ పెరుగుతుంది," అన్నాడు చివరికి. ధర పెరుగుతుందని భయపడి వెంటనే ఖాయం చేసేశాను. ఫోను పెట్టేసే ముందు, జాగ్రత్తపరుణ్ణి కాబట్టి, ఇంకోసారి "అసలా?" అని అడిగాను. పాపం ఆయన ఓపిగ్గా "అసలా" అన్నాడు.

సరుకు తెచ్చే పని మస్తాన్‌కు అప్పగించాను. మాది ఫర్వానియా గది స్నేహం. రాయచోటి మనిషి, షువైఖ్ గోదాముల నుంచి వఫ్రా పొలాలకు దాణా బస్తాలు తోలేవాడు. తిరుగు ప్రయాణంలో పెట్టె పట్టుకుని మా గేటు దగ్గర బండి ఆపాడు. దిగడం దిగడమే ముఖం అదోలా పెట్టాడు.

"ఏమప్పా సూరీ, ఏందిది? దావంతా లోపల ఏందో కదుల్తానే ఉండాది."

"ఆయ్, తేనె మస్తానూ. గుంతల రోడ్డు కదా, కదలదేంటి?"

"బండి నిలిపినాక కూడా కదుల్తాండాది. అల్లా తోడు."

నేను పెద్ద పండితుడిలా నవ్వాను. "నీకు తెల్దు. ఇది పట్టుతేనె. అందులో తేనెటీగలు ఒకటీ అరా మిగిలిపోయుంటాయి. కల్తీ లేదనడానికి అదే గుర్తు."

"ఆయప్ప పెట్టె నా చేతికిచ్చేటప్పుడు దానికి ముద్దు పెట్టినాడప్పా. కండ్లల్లో నీళ్ళు గూడా వచ్చినాయి. తేనెకు ఎవురన్నా ఏడుస్తారా?"

"చేతి కష్టం మీద ప్రేమరా అది."

పెట్టెకు చుట్టూ సన్నటి చిల్లులున్నాయి. తేనె కారిపోతుందేమోనని టేపు అంటించబోతే మస్తానే ఆపాడు. "ఈగలుండాయంటివి గదా, రోంత గాలి ఆడనీ." ఆ రోజు ఆ మూగజీవి బతికిందంటే మస్తాన్ పుణ్యమే. టేపు పక్కన పెట్టి, దాని బదులు ఎర్ర రిబ్బను పువ్వులా కట్టాను.

సాయంత్రం టీ వేళకు పెట్టెను రెండు చేతులా మోసుకుంటూ హాల్లోకి నడిచాను. యుమ్మా కింద పరుపు మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. బాబా, మామా సోఫాలో ఉన్నారు. పెట్టెను యుమ్మా ముందు దించి, చేతులు కట్టుకుని, ముందు రోజు నుంచీ కంఠస్థం చేసిన ఉపన్యాసం అందుకున్నాను. వాళ్ళ మాటలు అప్పుడు నాకు సగమే అర్థమయ్యాయి, మిగతావి తర్వాత తెలిశాయి. మీకు మాత్రం మొత్తం చెబుతాను.

"యుమ్మా, ఇది కొట్టు సరుకు కాదు. వఫ్రా పొలంలోది. బంగారు రంగు."

"మంచిది," అంది యుమ్మా దగ్గుతూ.

"తల్లీ తండ్రీ కూడా అక్కడే ఉన్నారు. బాగా తింటున్నారు."

యుమ్మా కోడలి వైపు తిరిగింది. "ఎవరి తల్లి?"

"మా బిఅడ్!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"కరవదా?" అంది యుమ్మా. "తేనె కరవదని చెబుతున్నాడా?"

"తేనెటీగల సంగతేమో," అని మామా నన్ను వెనకేసుకొచ్చింది.

వాళ్ళ ముఖాల్లో ఆశ్చర్యం చూసి, నా అరబ్బీకి మురిసిపోతున్నారనుకున్నాను. ఇంకాస్త మురిపిద్దామని సిరియా యాసలోకి దిగాను. "కుల్ ఉస్బూ ఫార్! యుమ్మా తాగాలి."

బాబా టీ గ్లాసు కింద పెట్టారు. "ఏమన్నావు బాబూ? మళ్ళీ అను."

"ఫార్, బాబా. ప్రతి వారం. ఒక్క గుక్కలో తాగేయాలి."

అరబ్బీలో ఫార్ అంటే ఎలుక. వారానికొక ఎలుకను తన తల్లి గుక్కలో తాగాలని డ్రైవరు చెబుతుంటే ఏ కొడుకైనా ఏమంటాడు? బాబా మాత్రం "అది తెరువు" అన్నారు.

రిబ్బను లాగి మూత తీశాను. లోపల మూతి ముడివేసిన గుడ్డసంచీ ఉంది. 'వడకట్టి పంపాడు, శుభ్రమైన మనిషి' అని మెచ్చుకుంటూ ముడి విప్పాను. అందులోంచి బొటనవేలంత బంగారు తల ఒకటి నెమ్మదిగా పైకి లేచి, నాలుక జాపి, నన్ను చూసింది.

ఆ తర్వాత నా కాళ్ళు ఏం చేశాయో నాకు గుర్తు లేదు. స్పృహ వచ్చేసరికి సోఫా వెనకాల నక్కి ఉన్నాను. పక్కన ఎవరో మూలుగుతుంటే చూశాను. బాబా నాకంటే ముందే వచ్చి అక్కడ చోటు పట్టుకున్నారు. మామా సోఫా ఎక్కి నిలబడి, నా ఏడు తరాలనూ తలుచుకుంటోంది. కదలనిది యుమ్మా ఒక్కతే. చేతికర్ర చివరతో ఆ తలను మెల్లగా సంచీలోకి నొక్కి, పెట్టె మూత వేసి, దాని మీద కర్ర అడ్డం పెట్టి, మళ్ళీ దిండుకు ఆనుకుంది.

బాబా సోఫా వెనక నుంచే నా ఫోను లాక్కుని వఫ్రాకు ఫోను చేశారు. స్పీకరులో ఆ సిరియా ఆయన గొంతు ఆత్రంగా పలికింది. "ఏమైంది? తినడం లేదా?"

"మా అమ్మకు పామును పంపుతావా నువ్వు?"

"అయ్యా, మీ మనిషి 'అసలా?' అని అడిగాడు. ఉందన్నాను. మళ్ళీ 'అసలా?' అన్నాడు. అవునన్నాను. పెట్టేసే ముందు ఇంకోసారి అడిగాడు. ఇంత జాగ్రత్తగా కొనేవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు."

బాబా నా వైపు తిరిగారు. "అసల్ అంటే తేనె. అసలా అంటే కొండచిలువ. ఆ చివర 'ఆ' ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"అది... అది మా ఊరిది బాబా," అన్నాను.

"ఖలాస్!" అన్నారాయన, చేయి విసిరి. "నీ సెలవు ఖలాస్. తేనెకూ పాముకూ తేడా తెలియనివాడికి సెలవేమిటి?"

నాకు పాము భయం పోయి, నీరసం వచ్చింది. సోఫా వెనక అలాగే కూలబడ్డాను. చార్జింగులో ఉన్న ఫోనూ, దాన్ని వేలుపెట్టి చూపించే పిల్లా గుర్తొచ్చాయి. ఇంకో ఈద్, ఆపైన ఇంకో ఈద్. అంతా నా నోటి దురద, నా పాండిత్యం చేసిన పని.

అప్పుడు వినపడింది ఒక చప్పుడు. మొదట దగ్గనుకున్నాం. కాదు, యుమ్మా నవ్వుతోంది. కర్ర పెట్టె మీద ఆడించుకుంటూ, "ఎలుక... గుక్కలో..." అంటూ కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆ నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గు మధ్య మళ్ళీ నవ్వొచ్చింది. మామా మంచినీళ్ళు పట్టింది. కాస్త తేరుకున్నాక యుమ్మా కొడుకును పిలిచింది.

"ముందు ఆ సోఫా వెనక నుంచి బయటికి రా. ఇన్నాళ్ళూ మీరు తెచ్చిన ప్రతిదాంట్లో షకర్ కలిసింది. వీడొక్కడే ఏ కల్తీ లేనిది తెచ్చాడు."

"కానీ యుమ్మా..."

"వీణ్ణి ఈ వారంలోనే వాళ్ళింటికి పంపించు. ఇంకా ఇక్కడే ఉంటే నేను అడిగినవన్నీ తెచ్చేస్తాడు."

బాబా సోఫా వెనక నుంచి లేచి వచ్చి, "యల్లా, టికెట్ చూస్తాను" అన్నారు.

మర్నాడు సిరియా ఆయన స్వయంగా వచ్చి తన బిడ్డను తీసుకుపోయాడు. పెట్టెకు ముద్దు పెట్టుకుని, నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఇష్టం లేనివాడివి అన్నిసార్లు ఎందుకడిగావు అన్నట్టుంది అది. సరిగ్గా ఆ వారంలోనే నేను విమానం ఎక్కాను. బయల్దేరేముందు యుమ్మా తనకు ముందు రోజే యెమన్ నుంచి వచ్చిన మేలిరకం తేనె సీసా ఒకటి నా చేతిలో పెట్టి, "మీ అమ్మాయికి. భయపడకు, కరవదు" అంది.

ఇంటికి చేరితే నా కూతురు నా దగ్గరికి రాదే! వాళ్ళమ్మ చీర చాటు నుంచి ఒకసారి నన్నూ, ఒకసారి ఫోన్నూ చూస్తుంది. ఇద్దరు నాన్నల్లో ఏ నాన్న నిజమో తేల్చుకోలేక సతమతమవుతోంది. బొమ్మ ఇచ్చాను, చాక్లెట్ ఇచ్చాను. అవి తీసుకుని మళ్ళీ చీర చాటుకే పోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంతలో సత్యవతి సంచీలోంచి తేనె సీసా తీసి, వెలుతురుకు పట్టి చూస్తూ, అమాయకంగా అడిగింది.

"ఏవండీ, ఇది అసలా?"

అంతే. నేను మంచం మీద ఉన్నాను. ఎలా ఎక్కానో తెలియదు, దిండు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. సత్యవతి బిత్తరపోయింది. చీర చాటు నుంచి కిలకిలమని నవ్వు వినిపించింది. నా కూతురు బయటికి వచ్చి, చప్పట్లు కొట్టి, "నాన్న, మళ్ళీ!" అంది. ఫోన్ను కాదు, నన్ను చూసి అంది. నేను మళ్ళీ దూకాను. అది అడిగినన్నిసార్లూ దూకాను. చివరికి అలిసిపోయి నా ఒళ్ళోకి వచ్చి పడుకుంది.

పిల్లను ఒళ్ళో పెట్టుకుని, తేనె సీసా మీద కుడిచెయ్యి ఉంచి, సత్యవతి సాక్షిగా ఆ పూటే ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నా భాష మాటకు గానీ, పరాయి భాష మాటకు గానీ చివర దీర్ఘం తీయను గాక తీయను. సెలవు ముగిసి కువైట్ తిరిగొచ్చాను. ఇప్పటికీ ఫర్వానియాలో మస్తాన్ ఆటపట్టిస్తుంటాడు, "ఏమప్పా సూరీ, మళ్ళా ఎప్పుడన్నా తీసినావా?" అని.

నేనా? మళ్ళీనా? ఇంత జరిగాకా?